బదరీక్షేత్రమందలి తప్తకుండము

మన యిండ్లలోని పెద్దలు ఏ క్షేత్రమునకు బయలుదేరినను దర్శనముకంటె ముందు స్నానమునే తలచెదరు. కాశి యనిన గంగ, రామేశ్వర మనిన సేతువు, బదరి యనిన తప్తకుండము. చన్నీట మునుగుటలోని కష్టము మన కందఱకును తెలియును. వేన్నీటి తీర్థము మాత్రము సుఖముగా నుండునని తలచి, దానివలన జాగ్రత్త యేమి వలయునని యెవరును అడుగరు. గత సంవత్సరము ఆశ్వయుజమాసమున అత్తమామలను వెంటబెట్టుకొని, మా వారును నేనును బదరీనాథయాత్ర చేసివచ్చితిమి. అచటి కుండమును గూర్చియు, అందు స్నానమాడువారు తెలిసికొనవలసిన సంగతులను గూర్చియు సోదరీమణులకు విన్నవించుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

హృషీకేశమునుండి బదరికి దాదాపు 300 కిలోమీటర్ల కొండదారి. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగలు వరుసగా దారిలోనే వచ్చును. ప్రతిచోటను ఏదో యొక నది వచ్చి అలకనందలో కలియును. దేవప్రయాగలో అలకనందాభాగీరథులు కలిసి గంగ యను పేరు దాల్చును. దేవప్రయాగలో రెండు నీళ్ల రంగులును వేఱువేఱుగా కనబడుట చూచి మా మామగారు చిన్నపిల్లవానివలె సంతసించిరి. జోషీమఠము ఇంచుమించు 1,900 మీటర్ల యెత్తున నున్నది. 2023వ సంవత్సరారంభమున అచట నేల క్రుంగి, ఇండ్ల గోడలు బీటలువారగా అనేక కుటుంబములు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. ఆ ఊరిలో ఒక దినము నిలిచి, మఱునాడు విష్ణుప్రయాగ, పాండుకేశ్వరముల మీదుగా బదరి చేరితిమి.

జోషీమఠములో నిలుచుట విశ్రాంతికొఱకు మాత్రమే కాదు. బదరి దాదాపు 3,100 మీటర్ల యెత్తున నున్నది. అచటి గాలిలో ఒక్కొక్క శ్వాసకు మనకు దొరకు ప్రాణవాయువు సముద్రతీరమున దొరకుదానిలో ఇంచుమించు మూడింట రెండువంతులే. మైదానమునుండి ఒక్కపరుగున పోయినవారికి తలనొప్పి, వికారము, నిద్రలేమి, ఆయాసము కలుగుట సాధారణము. దేహము ఆ యెత్తునకు అలవాటుపడుటకు కొంత వ్యవధి యీయవలెను. మా యూరి వైద్యుడు బయలుదేరుటకు ముందే ఈ సంగతి చెప్పి, “చేరిన సాయంకాలమే వేడి కుండములో దిగకుడు, ఒక రాత్రి నిద్రించి, ఉదయమున తలనొప్పి లేకున్నచో స్నానమాడుడు” అని హెచ్చరించియుండెను. ఆ మాట మాకు వేదవాక్య మయ్యెను.

బదరి చూడదగిన చోటు. ఇరువైపుల నరనారాయణపర్వతములు, వెనుక తెల్లని నీలకంఠశిఖరము, నడుమ అలకనంద హోరు. నదికి ఆవలిగట్టున రంగురంగుల సింహద్వారముతో గుడి నిలిచియుండును. వంతెన దాటి గుడివైపు పోవుచుండగా, మెట్ల దాపున, నదికి కొంచెము పైగా పొగలు గ్రమ్ముచుండును. అదియే తప్తకుండము. చేయి పెట్టిన వ్రేళ్లు కొంకరలుపోవు అలకనందకును పొగలు గ్రక్కు ఈ కుండమునకును నడుమ దూరము కొలది అడుగులే. స్త్రీలకును పురుషులకును స్నానమునకు వేఱువేఱు చోట్లు కలవు. చేరువనే నారదకుండము కలదు. ఆదిశంకరులు బదరీనారాయణమూర్తిని దానినుండియే వెలికి దీసిరని ప్రతీతి.

భారతము చదివిన సోదరీమణులకు ఆదిపర్వమందలి పులోమకథ జ్ఞప్తికి వచ్చును. రక్కసు డడుగగా అగ్ని దాచక సత్యము చెప్పెను. అందుకు భృగువు కోపించి “సర్వభక్షకుడవు గమ్ము” అని శపించెను. స్థలమాహాత్మ్యము చెప్పువా రీకథను బదరితో ముడివేయుదురు. శాపదోషమును పోగొట్టుకొనుటకై అగ్ని యిచటికి వచ్చి నారాయణుని వేడెననియు, ఆ స్వామి యాజ్ఞచే ఈ నీట నివసించుచున్నాడనియు చెప్పుదురు. భాగవతమున శ్రీకృష్ణుడు ఉద్ధవుని పొమ్మన్న బదరికాశ్రమము నిదియే. ఇంటిలో గ్రంథమున చదివిన పేరు కన్నులయెదుట కొండయై, నదియై నిలిచినపుడు కలుగు పులకింత వ్రాసి చెప్పదగినది కాదు.

భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పు కారణమును వినదగినదే. వాననీరును కరగిన మంచునీరును రాతిపగుళ్లగుండ భూమి లోతులకు దిగును. దిగినకొలది నేల వేడెక్కును. సాధారణముగా కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 డిగ్రీల వఱకు వేడిమి హెచ్చును. అట్లు కాగిన నీరు, హిమాలయములు పుట్టినపుడు శిలలు విఱిగి ఏర్పడిన పగుళ్ల వెంబడి త్వరగా పైకి ఉబుకును. దారిలో ఖనిజములను, గంధకమును కరగించుకొనుటచే ఒకవిధమైన వాసన కలుగును. ఇచట అగ్నిపర్వత మేదియు లేదు. యమునోత్రి, మణికర్ణముల యందలి వేడినీళ్లును ఇట్టివే. మన తెలుగువా రనేకులున్న బరంపురమునకు దాదాపు 50 కిలోమీటర్ల దూరమున, గంజాం జిల్లాలో, తప్తపాణి యను వేడినీటి ఊట కలదు.

కాని కుండము లన్నియు నొక్కటి కావు. యమునోత్రిలోని సూర్యకుండమున బియ్యమును బంగాళాదుంపలను గుడ్డలో మూటగట్టి దింపి ఉడికించి ప్రసాదముగా తెచ్చుకొందురు; అందు చేయి పెట్టరాదు; స్నానమునకు వేఱొక కుండ మున్నది. మణికర్ణములోను ఊటనీటిలో అన్నము వండుదురు. కేదారమార్గమున గౌరీకుండములో నుండిన వేడినీటి కుండము 2013 జూన్ వఱదలలో కొట్టుకొనిపోయెను. కావున ఒకచోటి అనుభవమును మఱియొకచోట నమ్ముకొనరాదు.

బదరి తప్తకుండపు నీరు ఇంచుమించు 45 డిగ్రీల వేడి యని చెప్పుదురు. ఈ అంకె చిన్నదిగా తోచవచ్చును. మన దేహపు వేడి 37 డిగ్రీలు. నేడు పెద్ద హోటళ్లలో, విహారస్థలములలో వేడినీటి తొట్టి యొకటి యమర్చుచున్నారు. దానిని హాట్ టబ్బు అందురు. ఆరోగ్యవంతులైన పెద్దవారికైనను దాని నీరు 40 డిగ్రీలు మించకూడదని వైద్యులు హద్దు విధించిరి. అనగా తప్తకుండము ఆ హద్దునకు పైన అయిదు డిగ్రీలున్నది. 49 డిగ్రీల నీట కొలది నిమిషములు మునిగియున్న చర్మము కాలును. 60 డిగ్రీల నీరైనచో అయిదాఱు క్షణములే చాలును. పసిపిల్లల చర్మము పలుచనిది కాన ఇంకను త్వరగా కాలును.

వేడినీట దిగినపుడు దేహమున నేమి జరుగును? చర్మమందలి రక్తనాళములు విచ్చుకొని, నెత్తురు వెలుపలి వైపునకు ప్రవహించును. రక్తపుపోటు తగ్గును; గుండె వేగముగా కొట్టుకొనును. నీటిలో నున్నంతసేపు నీటి ఒత్తిడి కాళ్లలోని నెత్తురును పైకి నెట్టుచుండుటచే తెలియదు. దిగ్గున లేచి మెట్లెక్కినప్పుడు ఆ యొత్తిడి పోవును, నెత్తురు కాళ్లలోనికి జాఱును, తలకు చాలినంత అందదు. కన్నులు చీకట్లు క్రమ్మి మనుజుడు పడిపోవును. రక్తపుపోటునకు మందు పుచ్చుకొనువారికి ఆ మందును అదే పని చేయుచుండును గనుక ప్రమాదము రెట్టింపగును. పైనుండి తడిబట్టలతో చలిగాలిలోనికి వచ్చినపుడు విచ్చిన నాళములు ఒక్కసారి ముడుచుకొనును; గుండెజబ్బువారికి ఇది చేటు. జపానుదేశమున శీతకాలమునందు వేడినీటి తొట్టిస్నానముల సమయమున ఏటేట వేలమంది వృద్ధులు మరణించుచున్నారు. చలిగదినుండి వేడినీటికిని, వేడినీటినుండి చలిగదికిని హఠాత్తుగా మాఱుటను అందుకొక ముఖ్యకారణముగా అచటివారు చెప్పుదురు.

మేమున్న ఉదయముననే పురుషుల వైపున ఇట్టిది జరిగెనని మా వారు చెప్పిరి. స్థూలకాయుడైన ఒక పెద్దమనిషి అరగంటసేపు కంఠమువఱకు నీట కూర్చుండి, గుడి గంట విని తటాలున లేచి రెండు మెట్లెక్కి ఒరిగిపోయెనట. ప్రక్కవారు పట్టుకొనకున్నచో తల రాతికి తగిలియుండును. ఆయనను వెల్లకిల పరుండబెట్టి, కాళ్లు ఎత్తి పట్టుకొని, గాలి తగులనిచ్చిరి. కొన్ని నిమిషములకు తెలివి వచ్చిన పిదప నీరు కొంచెము కొంచెముగా త్రాగించిరి. అట్టివారిని కూర్చుండబెట్టి మోముపై నీళ్లు కొట్టుట, తెలివి లేనివారి నోట నీరు పోయుట చేయరాదు. ఎదురుఱొమ్మున నొప్పియో, ఊపిరాడకుండుటయో ఉన్నచో ఆలసింపక 108కి ఫోను చేయవలెను, లేదా వైద్యశిబిరమునకు చేర్చవలెను.

మా అత్తగారికి అఱువదియెనిమిదేండ్లు. పండ్రెండేండ్లుగా రక్తపుపోటునకు మాత్రలు వేసికొనుచున్నారు. మూడు మునుకలు వేయనిదే స్నానఫలము లేదని ఆమె నమ్మకము. వైద్యుని మాట చెప్పగా, “అమ్మాయీ! ఇంతదూరము వచ్చి చెంబుతో పోసికొనుటకా? ఆ పని మన నూతిదగ్గఱనే కాదా?” అని నిష్ఠురముగా పలికిరి. ఆమెకు శరీరశాస్త్రము చెప్పి ప్రయోజనము లేదు, ధర్మశాస్త్రమే చెప్పితిని. “అత్తయ్యగారూ! పెద్దలు స్నానము ఏడువిధములని చెప్పలేదా? మాంత్రము, భౌమము, ఆగ్నేయము, వాయవ్యము, దివ్యము, వారుణము, మానసము. నీట మునుగుట అందు వారుణ మొక్కటే. అశక్తులకు తక్కినవియు ఫలమిచ్చునని కదా! తలమీద నీళ్లు చల్లుకొని కంఠస్నానము చేసిన మీకు లోపమేమి?” అంటిని. ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట, “మానసస్నానము అన్నిటికంటె గొప్పదని మా నాయనగారు అనెడివారు” అని మెల్లగా అనిరి. మెట్టుమీద కూర్చుండి, ముందు పాదములమీద, తరువాత మోకాళ్లమీద, భుజములమీద చెంబుతో నీరు పోసికొనిరి. అయిదు నిమిషములలో ముగించి, కూర్చుండియే తుడుచుకొని, శాలువ కప్పుకొని, కొంతసేపు నిలువక యుండి, నా చేయి పట్టుకొని లేచిరి. దర్శనమున ఆమె కన్నులు చెమర్చుట చూచితిని. ఫలమునకు లోటు కలిగినదని ఆ ముఖము చెప్పలేదు.

మామగారి సంగతి వేఱు. ఆయనకు మధుమేహము. చిరకాలముగా ఆ వ్యాధి యున్నవారికి పాదములలో స్పర్శ మందగించును. మోకాళ్లనొప్పికి మంచిదని కాళ్లు నీటిలో పెట్టుకొని కూర్చుండగోరిరి. పాదమునకు వేడి తెలియదు గనుక, కాలినను వారికి నొప్పి యుండదు. వాసయందు దిగిన తరువాత బొబ్బలు చూచుకొందురు. ఆ పుండు మానుట కష్టము. కావున మా వారు మొదట తమ మోచేతితో వేడిమి చూచి, బకెట్టులో చన్నీరు కలిపి యిచ్చిరి. మధుమేహులు ఎన్నడును తమ కాలితో నీటి వేడి పరీక్షింపకూడదు.

ఇక మూడవ సంగతి వ్రాయుటకు కొంత సంకోచించితిని. కాని స్త్రీల పత్రికలో గాక ఇంకెక్కడ వ్రాయుదును? మాతోకూడ వచ్చిన యాత్రికులలో ఒక నూతనవధువు కలదు. సంతానము కొఱకే మ్రొక్కుకొని ఆమె అత్తగారు ఆమెను తోడ్కొని వచ్చినది. కుండము మెట్లయొద్ద ఆ చిన్నది వెనుకాడుచుండగా, “సిగ్గేల? మునుగుము” అని అత్తగారు తొందరించుచుండెను. ఆ పిల్ల నా చెవిలో, “అక్కయ్యా! నెల తప్పి పదునైదు దినములైనది. ఇంకను ఎవరికిని చెప్పలేదు” అనెను. గర్భము నిలిచిన తొలివారములలో తల్లి దేహపు వేడి 39 డిగ్రీలకు మించి పెరుగుట శిశువునకు మంచిది కాదు. శిశువు వెన్నుపాము, మెదడు ఏర్పడునది ఆ కాలముననే. ఆ సమయమున మిక్కిలి వేడినీటి తొట్లలో కూర్చుండిన తల్లుల బిడ్డలకు వాటి లోపములు కొంత హెచ్చుగా కలుగునని 1992లో వెలువడిన ఒక పరిశోధన తెలిపెను. ఏ నెలలోనైనను తలతిరిగి మెట్లపై పడు భయ ముండనే యున్నది.

ఆ పిల్ల యనుమతి పొంది, అత్తగారిని ప్రక్కకు పిలిచి మెల్లగా చెప్పితిని. ఆమె నిర్ఘాంతపోయి, “మా కాలమున ఎంతమంది మునుగలేదు?” అని మొదట అనెను. “మునిగినవారిలో ఎందఱికి నష్టమైనదో, అది దేనివలన నైనదో ఆ కాలమున అడిగినవా రెవరు, పెద్దమ్మగారూ?” అంటిని. ఆమె మఱి మాటాడలేదు. కొంతసేపటికి తానే బసకు పోయి, గోరువెచ్చని నీట చెంబెడు తీర్థజలము కలిపి, కోడలికి తన చేతులతో నీళ్లు పోసినది. కొండదిగిన వెంటనే వైద్యురాలికి చూపింతునని నాతో చెప్పినది. అడిగిన వరము అడుగకముందే లభించినదని తెలిసినప్పటి ఆమె ముఖము నేను మఱవజాలను. కొంతకాలము దాచు ఆచారము మన యిండ్లలో కలదు, దానిని నిందింపను. కాని కొండదారులు, వేడినీళ్లు, మందులు వచ్చినచోట ఒక పెద్దదిక్కునకైనను చెప్పుట ఆ శిశువునకు రక్ష.

నీటిలో కంటికి కనబడని ఆపద లింకొన్ని కలవు. వెచ్చని మంచినీటిలో నేగ్లేరియా ఫౌలెరి యను సూక్ష్మజీవి పెరుగును. ఆ నీరు త్రాగిన హాని లేదు. ముక్కులోనికి బలముగా పోయినచో మెదడునకు ప్రాకును. అది మిక్కిలి అరుదు, కాని వచ్చినవారిలో బ్రదుకువారు చాల తక్కువ. 2024, 2025 సంవత్సరములలో కేరళమున అమీబావలన మెదడు వాచు జబ్బు పలువురికి వచ్చి, పసివారుకూడ మరణించిరి. కావున వెచ్చని ఊటలలో, కుంటలలో తల ముంచక, ముక్కులోనికి నీరు పోనీయక స్నానమాడుట మేలు. పుండ్లు, గాయములు ఉన్నవారు పదిమంది దిగిన నీట దిగరాదు.

హోటలు తొట్లయందును జాగ్రత్త వలయును. సరిగా శుభ్రపఱుపని తొట్టెలో లెజియోనెల్లా యను క్రిమి పెరిగి, నురుగుతో లేచు తుంపరల వెంట ఊపిరితిత్తులలో చేరి విషజ్వరము కలిగించును. 1999లో హాలండుదేశపు బోవెన్‌కార్స్‌పెల్ ఊరిలో జరిగిన పూలప్రదర్శనమున, చూపుటకై పెట్టిన ఒక తొట్టి తుంపరలవలననే వందలమంది జబ్బుపడి, ముప్పదిమందికి పైగా మరణించిరి. వారిలో ఎవరును ఆ తొట్టిలో దిగినవారు కారు. నీరు మురికిగా, జిగటగా, నురుగు నిలిచియున్నచో ఆ తొట్టి దగ్గఱకు పోకుడు. కొండలలోని బసలలో గ్యాసు గీజరు ఉన్నచో, తలుపు కిటికీలు బిగించి స్నానమాడవలదు. అది మండునపుడు వాసన లేని విషవాయువు పుట్టి, తెలియకుండగనే ప్రాణము తీయును.

సోదరీమణులకు జ్ఞాపకమునకై సంగ్రహముగా చెప్పుచున్నాను. చేరిన దినముననే వేడికుండమున దిగవలదు. నిండుకడుపుతోను, ఉపవాసముతో నీరసించియు దిగవలదు. స్నానమునకు ముందును తరువాతను మంచినీరు త్రాగవలెను. ఒంటరిగా దిగవలదు. మోచేతితో వేడి చూచి, పాదములనుండి క్రమముగా నీరు పోసికొనవలెను. ఆరోగ్యవంతులైనను అంత వేడినీట అయిదు నిమిషములు మించి ఉండవలదు. తలతిరిగినను, గుండె దడదడలాడినను వెంటనే బయటికి రావలెను, మెల్లగా లేవవలెను. గర్భిణులు, అయిదేండ్లలోపు పిల్లలు, గుండెజబ్బువారు మునుగక, చన్నీరు కలిపిన నీటితో బయటనే స్నానమాడవలెను. పొడిబట్టలు, శాలువ చేతికి అందునట్లు ముందే పెట్టుకొనవలెను.

ఇంటినుండి బయలుదేరునపుడు మనము పప్పులు, పచ్చళ్లు, పొడులు జ్ఞాపకముగా మూటగట్టుదుము. వాటితోపాటు ఇంటిలో ఎవరికి ఏ జబ్బు కలదో, ఏ మందు వాడుచున్నారో వ్రాసిన కాగిత మొకటి కొంగున ముడివేసికొనిన చాలును. స్నానము చేయించువారమును, తువ్వాలు అందించువారమును, పడిపోయినవారిని పట్టుకొనువారమును తఱచుగా మనమే గదా. బదరీనారాయణుడు మీ యందఱకును క్షేమముగా దర్శన మిచ్చుగాక.